మూడో ‘తదిగిణతోం’ దగ్గర క్లిక్!

*వారాంతం వచ్చిందంటే హైటెక్ సిటీ చుట్టుపక్కల ఏదో ఒక వేదిక మీద గజ్జె మోగుతుంది. ఆ వేదికల ముందు ఇప్పుడు కెమెరాలూ బాగా పెరిగాయి. పండుగ ఆఫర్లు మొదలయ్యేసరికి ఆఫీసు క్యాంటీన్లలో ఒకటే చర్చ: చీకట్లో డ్యాన్స్ ఫొటోలు బాగా రావాలంటే ఏ కెమెరా కొనాలి? జవాబు దుకాణంలో కాదు, హాలులో దొరుకుతుంది.*

ఆదివారం సాయంత్రం. మాదాపూర్ శిల్పారామం యాంఫీ థియేటర్ మెట్లు సగానికి పైగా నిండాయి. చెట్ల పైన ఐటీ భవనాల అద్దాల్లో చివరి ఎండ ఎర్రగా కనిపిస్తోంది. చిన్నపిల్లలు పుష్పాంజలి ముగించి లోపలికి పరుగెత్తారు. తర్వాత వచ్చిన అమ్మాయి నెత్తిన చెంబు పెట్టుకుని, ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు మోపింది. తరంగం మొదలైంది. అప్పటికి ఎండ పూర్తిగా పోయింది, ఉన్న వెలుతురల్లా వేదిక దీపాలదే.

మెట్ల మీద ఫోన్లు ఒక్కసారిగా లేచాయి. వాటి మధ్య ఓ కుర్రాడి చేతిలో కొత్త కెమెరా, దానికి పెట్టెతోపాటు వచ్చిన లెన్సు. వరసగా నొక్కుతున్నాడు. పళ్లెం జరుగుతుంటే ఇనుప రజను రాలినట్టు చప్పుడు, దాని మీద మృదంగం. పాట ఆగాక తెర మీద ఫొటో పెద్దది చేసి చూసుకున్నాడు. అమ్మాయి ముఖం ఉంది. చెంబు ఉంది. చేతులు మాత్రం లేవు. మోచేతుల దగ్గర్నుంచి రెండు తెల్లటి చారలు సాగి ఉన్నాయి, అంతే. పక్కనున్న వాళ్లక్క తన ఫోన్ చూపించింది. “నీ కెమెరా కంటే నా ఫోనే నయం కదరా?” ఆ ఫోన్‌లో ముఖానికి మైనం పూసినట్టుంది, వేళ్లు అందులోనూ లేవు.

“ఏ కెమెరా తీసుకుంటే చేతులు కూడా వస్తాయన్నా?” అని అతను వెనక మెట్టు మీద కూర్చున్న మరో కెమెరా ఆసామిని అడిగాడు. ఆయన కెమెరా పేరు చెప్పలేదు. “ముందు ఇక్కణ్నుంచి స్టేజీ ఎన్ని అడుగులుంటుందో చెప్పు” అన్నాడు.

ఆ ఎదురుప్రశ్నే అసలు విషయం.

రాళ్లగుట్టల్లో రంగస్థలం

1992లో శిల్పారామం మొదలైన నాటికి మాదాపూర్ అంటే బండరాళ్లు, తుప్పలు. 1998 నవంబరులో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2002లో శిల్పారామం పక్కనే 2,500 మంది పట్టే శిల్పకళా వేదిక వచ్చింది. అంతవరకూ నాట్యమన్నా నాటకమన్నా నగరవాసి 1961 నాటి రవీంద్రభారతి వైపే నడిచేవాడు. ఇప్పుడు కూకట్‌పల్లి, కొండాపూర్, గచ్చిబౌలి పిల్లలు తమ తొలి గజ్జెపూజ తర్వాతి ప్రదర్శన ఇంటికి దగ్గర్లోనే ఇస్తున్నారు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో 2010 డిసెంబరులో 2,800 మందికి పైగా నర్తకులు ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డుకెక్కారు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కు వేదికైంది. 2015లో మొదలైన ఆ ఉత్సవం ప్రపంచం నలుమూలల ఫొటోలను ఐటీ ఉద్యోగి ఆఫీసుకు నడక దూరంలోకి తెచ్చింది.

శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కుటుంబం ‘కీచక వధ’తో మొదలుపెట్టిన నాటక పరంపరను మోస్తున్న కుటుంబాలు అక్కడే ఉంటున్నాయి. కోడ్ రాసే చేతులకూ కిరీటాలు కట్టే చేతులకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే.

ఇక్కడ వేదికలున్నాయి, జీతాలున్నాయి, ఆసక్తి ఉంది. కెమెరా కొనడం దగ్గరే లెక్క తప్పుతోంది. లక్ష రూపాయలుంటే తొంభై వేలు కెమెరా బాడీ మీద పెట్టి, లెన్సు ఏదో ఒకటి వస్తుందిలే అనుకుంటున్నారు. వేదిక ఫొటోకు అది తిరగబడ్డ లెక్క అని నా గట్టి నమ్మకం.

పది రెట్ల తేడా

వేదిక మీద వెలుతురు మన కంటికి సరిపోతుంది. కన్ను చీకటికి అలవాటు పడుతుంది, పైగా కదలికను కదలికగానే చూస్తుంది. కెమెరా ఒక్క క్షణాన్ని కోసి చూపించాలి. దానికి మూడే దారులు. లెన్సు ద్వారం పెద్దదిగా తెరవడం, షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచడం, ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచడం. నాట్యంలో రెండోది పనికిరాదు, నర్తకి ఆగదు కాబట్టి. మూడోదానికి హద్దుంది, పెంచేకొద్దీ ఫొటో నిండా ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. మిగిలింది మొదటిదే.

ఒక ఉదాహరణ చూద్దాం. వేదిక దీపాల కింద 1/250 సెకను, ఎఫ్ 1.8 (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది), ఐఎస్‌ఓ 1600 దగ్గర నర్తకి ముఖం సరిగ్గా పడిందనుకోండి. పెట్టెతో వచ్చే లెన్సును దగ్గరకు లాగితే దాని ద్వారం ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు. ఎఫ్ 1.8తో పోలిస్తే లోపలికి వచ్చే వెలుతురు దాదాపు పదో వంతు. అదే షట్టర్ వేగం కావాలంటే ఐఎస్‌ఓ 15,000 దాటాలి. ఐఎస్‌ఓ పెంచకపోతే షట్టర్ 1/25కు పడిపోతుంది. శిల్పారామం కుర్రాడి కెమెరా చేసిందదే. 1/25 సెకనులో కూచిపూడి అమ్మాయి చెయ్యి ఫొటోలో చారగా మారేంత దూరం జరిగిపోతుంది.

“నా లెన్సులో స్టెబిలైజేషన్ ఉంది కదా” అంటారు చాలామంది. అది తీసేవాడి చేతి వణుకును ఆపుతుంది. ఆడేవాళ్ల కాలిని ఆపలేదు.

ఫోన్ సంగతీ అంతే. నైట్ మోడ్ అంటే చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చడం. గోల్కొండ గోడ కదలదు కాబట్టి అద్భుతంగా వస్తుంది. వేళ్లు ఫ్రేము ఫ్రేముకూ చోటు మారతాయి కాబట్టి కరిగిపోతాయి. ఖరీదైన ఫోన్లలో ‘ఒక అంగుళం రకం’ అని గొప్పగా చెప్పే సెన్సర్ కూడా పెద్ద కెమెరాల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ విస్తీర్ణంలో ఏడో వంతే.

> షట్టర్ ఎంత ఉండాలి?
> పదం, అభినయం, గాయకుడి ముఖం: 1/125 నుంచి 1/160.
> మృదంగం మీద చేతులు: 1/250.
> జతులు, వేగంగా పడే అడుగులు: 1/320 నుంచి 1/500.
> గెంతులు, పేరిణి, డప్పు: 1/640, వెలుతురుంటే ఇంకా పైకి.
> చెయ్యి కాస్త చెదరడం కొన్నిసార్లు అందమే. కళ్లు మాత్రం చెదరకూడదు.

హాలు కొలవండి, ఆ తర్వాతే లెన్సు

వెనక మెట్టు ఆసామి అడుగులెన్ని అని ఎందుకడిగాడంటే, లెన్సు పొడవును నిర్ణయించేది ఆ దూరమే. కెమెరాను నిలువుగా పట్టుకుని నర్తకిని తల నుంచి పాదం దాకా, చేతులెత్తడానికి కాస్త చోటు వదిలి తియ్యాలంటే ఒక సులువైన లెక్క ఉంది. చిన్న సెన్సర్ కెమెరా (ఏపీఎస్-సీ) అయితే దూరాన్ని అడుగుల్లో కొలిచి మూడుతో హెచ్చించండి. ఫుల్‌ఫ్రేమ్ అయితే నాలుగున్నరతో. వచ్చేదే మీకు కావలసిన మిల్లీమీటర్లు. ముప్ఫై అడుగుల దూరానికి చిన్న సెన్సర్ మీద 90. అంటే అందరికీ తెలిసిన 85 ఎఫ్ 1.8 లెన్సు అచ్చంగా సరిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద అదే ఫొటోకు 135 కావాలి. యాభై అడుగులైతే 150, 225. అప్పుడు 70-200 ఎఫ్ 2.8 తప్పించుకోలేం.

ఇక్కడొక చిక్కు ఉంది, దాన్ని దుకాణంలో ఎవరూ చెప్పరు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ విస్తీర్ణం ఏపీఎస్-సీకి రెండు రెట్లకు పైనే కాబట్టి చీకట్లో ఒక మెట్టు (స్టాపు) పైనుంటుంది. కానీ అదే దూరం నుంచి అంత పెద్దగా తియ్యడానికి మరింత పొడుగు లెన్సు కావాలి. ఆ పొడుగులో ఎఫ్ 1.8 దొరకడం కష్టం, ఎఫ్ 2.8తో సర్దుకోవాలి. సెన్సర్‌తో వచ్చిన లాభాన్ని లెన్సు తినేస్తుంది. అందుకే యాంఫీ థియేటర్ మూడో మెట్టు మీద కూర్చునే మనిషికి మధ్యరకం ఏపీఎస్-సీ బాడీ, 85 ఎఫ్ 1.8 చాలా గౌరవమైన జత. బాడీ పాతదైనా పర్లేదు.

ధరలు చూస్తే ఈ మాట ఇంకా బలపడుతుంది. 50 ఎఫ్ 1.8 లెన్సులు పది, ఇరవై వేల మధ్య దొరుకుతాయి. 85 ఎఫ్ 1.8కు అర లక్ష అటూ ఇటూ అవుతుంది. కెమెరా కంపెనీలే చేసే 70-200 ఎఫ్ 2.8 అయితే రెండు లక్షలు దాటుతుంది, బరువు కిలో నుంచి కిలోన్నర. నర్తకి తొలి పూర్తిస్థాయి ప్రదర్శన, అంటే రంగప్రవేశం, రెండున్నర గంటలు సాగుతుంది. ఆ బరువును రెండున్నర గంటలు కంటి దగ్గర పట్టుకునే భుజాలు మీకున్నాయా అన్నది కూడా కొనుగోలు లెక్కలోకే వస్తుంది. మోనోపాడ్ ఒకటి ఆ ఖర్చులోనే రాసుకోండి.

ఎఫ్ 1.8లో తీస్తే ముక్కు స్పష్టంగా వచ్చి చెవి మసకబారుతుందేమోనని కొందరి భయం. ఎదురుగా కూర్చున్న పాప ముఖాన్ని తీసేటప్పుడు అది నిజమే. ముప్ఫై అడుగుల నుంచి 85తో తీస్తే ముందువెనకలు కలిపి సుమారు రెండున్నర అడుగుల మేర స్పష్టత ఉంటుంది. ఒక నర్తకికి అది చాలు. కృష్ణుడు ముందు, సత్యభామ ఆరడుగులు వెనక ఉంటే మాత్రం ఎవరో ఒకరిని ఎంచుకోవాలి.

కూర్చునే చోటుకూ ఫలితంలో వాటా ఉంది. నేల మీద, వేదికకు ఆనుకుని కూర్చుంటే ముఖం దగ్గరగా వస్తుంది, పాదాలు మాత్రం వేదిక అంచు వెనక మాయమవుతాయి. తరంగంలో పాదమూ పళ్లెమూ లేకపోతే ఇంకేముంది? కంటి ఎత్తు వేదిక నేల కంటే జానెడైనా పైన ఉండాలి. శిల్పారామం మెట్లు ఈ విషయంలో ఫొటోగ్రాఫర్‌కు వరం. కుర్చీల హాళ్లలో మధ్య నడవా పక్కన, నాలుగో వరస నుంచి ఆరో వరస దాకా నా ఓటు.

బాడీ గురించి కొద్దిగా

ఇది తక్కువలో ముగించదగ్గ విషయం. గత పదేళ్లలో వచ్చిన ఏ పేరున్న కంపెనీ కెమెరా అయినా ఐఎస్‌ఓ 3200 దగ్గర పత్రికలో అచ్చు వేసుకోదగ్గ ఫొటో ఇస్తుంది. మిర్రర్‌లెస్ వచ్చాక రెండు సౌకర్యాలు నిజంగా పెరిగాయి. మొదటిది, కెమెరా తనంతట తాను కంటిని పట్టుకుని ఫోకస్‌ను దాని మీదే ఉంచడం. రెండోది, చప్పుడు లేని షట్టర్. పాత డీఎస్‌ఎల్‌ఆర్ కొనుక్కునేవాళ్లకు ఈ రెండూ ఉండవు, కానీ సగం ధర మిగులుతుంది. నికాన్ డీ750 లాంటి 2014 నాటి ఫుల్‌ఫ్రేమ్ బాడీలు సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ మంచి బేరం. మధ్య ఫోకస్ బిందువును ముఖం మీద పెట్టి తీసే అలవాటుంటే వాటితో హాయిగా పనిచేయవచ్చు.

రా ఫైల్‌లో తియ్యండి. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌లోకి 2023లో వచ్చిన కృత్రిమ మేధ డీనాయిస్ లాంటివి ఐఎస్‌ఓ 6400 ఫొటోను చాలావరకు శుభ్రం చేస్తాయి. నాయిస్‌కు ఇప్పుడు మందుంది. కదిలిపోయిన చేతికి లేదు. ఎటూ తేలకపోతే ఐఎస్‌ఓ పెంచండి, షట్టర్‌ను తగ్గించకండి.

> గాజుపలక నుంచి సెన్సర్ దాకా
> హైదరాబాద్ ఫొటోగ్రఫీలో తొలి పెద్ద పేరు రాజా దీన్‌దయాళ్ (1844-1905). ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. ఆయన కాలపు గాజుపలకలకు వెలుతురు తక్కువైతే మనిషి కదలకుండా నిలబడాల్సిందే, దీపాల కింద నాట్యం వాటికి అందేది కాదు.
> 1954లో 35 ఎంఎం కెమెరాల కోసం కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్ము వచ్చింది. అప్పటి నుంచి రంగస్థల ఫొటోగ్రాఫర్లు దాన్ని డెవలపింగ్‌లో సాగదీసి 1600 వేగం దాకా లాగేవారు. గింజ గింజగా కనిపించే ఆ నలుపు తెలుపే ఒక శైలి అయింది.
> 2007లో నికాన్ డీ3 ఐఎస్‌ఓ 6400ను మామూలు పరిధిలోకి తెచ్చింది. రంగుల్లో, చీకట్లో, కదలికను పట్టడం అప్పటి నుంచే తేలికైంది.

ఎల్‌ఈడీ తెచ్చిన తంటా

పాత హాలోజన్ దీపాలు పసుపుపచ్చగా ఉన్నా అందులో అన్ని రంగులూ ఉండేవి. ఒంటి రంగు ఒంటి రంగులాగే వచ్చేది. ఇప్పుడు చిన్న సభల్లో కూడా ఎల్‌ఈడీ పార్ లైట్లు, వెనక ఎల్‌ఈడీ వాల్. శిల్పకళా వేదికలో జరిగే సినిమా వేడుకలు చూసిన కళ్లకు నాట్యానికీ అంత హంగు కావాలనిపిస్తోంది. లైటింగ్ కుర్రాళ్లకు నీలం, మెజెంటా అంటే ఇష్టం. హాలులో కూర్చున్నవాళ్లకు బాగుంటుంది. కెమెరాకు మాత్రం నీలం వెలుగులో ఉన్న ముఖం ఒకే రంగు ముద్ద. ముక్కు, చెంప, గడ్డం మధ్య తేడా పోతుంది. కృష్ణుడికి నీలం మేకప్ కూడా వేస్తే ఇక చెప్పేదేముంది.

దీనికి మందు ఖరీదైన కెమెరా కాదు. వెలుతురు ఎలా పడిందో చూపే హిస్టోగ్రామ్‌ను మూడు రంగుల్లో విడివిడిగా చూపించమని మెనూలో పెట్టుకోవాలి. మొత్తం మీద వెలుతురు సరిగ్గానే ఉన్నట్టు కనిపించినా నీలం గీత కుడి గోడకు కొట్టుకుని ఉంటుంది. మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించి తీస్తే ముఖం గీతలు మిగులుతాయి. అప్పటికీ కుదరకపోతే ఆ ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చడమే మేలు. కాస్త ఓపిక పడితే పాట మధ్యలో ఎక్కడో తెల్ల దీపం వస్తుంది, అప్పుడు వరసగా తియ్యొచ్చు. కార్యక్రమానికి ముందు లైట్ బోర్డు దగ్గరికి వెళ్లి “అన్నా, ముఖం మీద కాస్త వామ్ వైట్ ఉంచు” అని అడిగితే చాలామంది కాదనరు. ఇది ఏ లెన్సు కంటే గొప్ప సాయం, ఖర్చు లేనిది.

రెండో తంటా పట్టీలు. ఎల్‌ఈడీలు కంటికి తెలియనంత వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి దాని మీద నేరుగా వెలిగే దీపం సెకనుకు వంద సార్లు మినుకుతుంది. మసకబార్చే డిమ్మర్లున్న దీపాలు ఇంకా వేగంగా కొట్టుకుంటాయి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. ఈ రెండూ కలిసి ఫొటో మీద అడ్డంగా నల్లటి చారలు వేస్తాయి. 2023లో సోనీ ఏ9 మార్క్ 3 తెచ్చిన గ్లోబల్ షట్టర్ సెన్సర్‌నంతా ఒకేసారి చదువుతుంది, వరసల బాధ దానికి లేదు. అంత డబ్బు పెట్టలేనివాళ్లు చెయ్యాల్సింది చిన్న పరీక్ష. మైకు సరిచూసే వేళకే హాలుకు వెళ్లి, 1/500 వేగంతో ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఎల్‌ఈడీ వాల్‌ను తియ్యండి, తర్వాత మెకానికల్ షట్టర్‌లో తియ్యండి. చారలు లేనిది ఏదో అక్కడికక్కడే తేలుతుంది. చాలా హాళ్లలో మెకానికల్‌దే పైచెయ్యి. అభినయం ఘట్టంలో ఆ చప్పుడు ఇబ్బందే. కాబట్టి అక్కడ తక్కువ నొక్కాలి.

నల్ల తెర ముందు కెమెరా మీటరు పొరబడుతుంది. అంతా చీకటే అనుకుని వెలుతురు పెంచేస్తుంది, ముఖం తెల్లగా కాలిపోతుంది. మాన్యువల్‌లో పెట్టి, ముఖం మీద స్పాట్ మీటరింగ్‌తో ఒకసారి చూసుకుని, దీపాలు మారినప్పుడే మార్చుకోవడం మంచిది.

తాళం తెలిసిన వేలు

ఒకే హాలు, ఒకే లెన్సు, పక్కపక్క కుర్చీలు. ఒకాయన వెయ్యి ఫొటోలు తీసి పది ఏరుకుంటాడు. ఇంకొకామె రెండు వందలు తీసి అరవై ఇస్తుంది. తేడా ఎక్కడ? ఆమె చిన్నప్పుడు నాలుగేళ్లు నాట్యం నేర్చుకుంది.

జతి ఎంత వేగంగా సాగినా చివరకొచ్చేసరికి తీర్మానంలో పడుతుంది. నట్టువాంగం వేసే మాస్టారు ‘తదిగిణతోం’ అని ఒకసారి, రెండోసారి, మూడోసారి అంటారు. మూడోదాని చివరి ‘తోం’ మీద తాళం, మృదంగం, పాదం మూడూ ఒకేచోట కలుస్తాయి. అక్కడ నర్తకి నిలుస్తుంది. మోకాలు వంగి, చూపు చేతివేళ్ల కొస మీద, ఊపిరి బిగబట్టి ఉంటుంది. ఆ నిలకడ అర సెకను ఉండొచ్చు, ఒకటిన్నర ఉండొచ్చు. ఆ అర సెకనులో 1/160 కూడా చాలు. ఐఎస్‌ఓ సగానికి తగ్గించుకోవచ్చు. చవక లెన్సు కూడా ఖరీదైనదానిలా కనిపిస్తుంది. తాళం చెవికి తెలిస్తే వెలుతురు లేమి సగం తీరిపోతుందని నేను అనేది అందుకే. రెండో ‘తదిగిణతోం’కు కెమెరా కంటి దగ్గరకు రావాలి, మూడోదానికి వేలు సిద్ధంగా ఉండాలి. ‘తోం’ విన్నాక నొక్కితే ఆలస్యం. ‘ణ’ దగ్గరే నొక్కడం మొదలవ్వాలి.

గెంతులోనూ ఇంతే. ఎగిరిన మనిషి పైకొసకెళ్లి కిందికి మళ్లే ముందు ఒక్క క్షణం దాదాపు నిలిచినట్టే ఉంటుంది. ఆ కొసన పట్టగలిగితే షట్టర్ వేగం ఒక మెట్టు తగ్గినా నష్టం లేదు.

భామాకలాపం తియ్యాలనుకునేవాళ్లకు ఇంకో ముచ్చట. సత్యభామ నేరుగా వచ్చి నిలబడదు. ఇద్దరు పట్టుకున్న తెర వెనక నిలబడి, ముందుగా తన జడను ఆ తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. ప్రేక్షకులు చూసేది మొదట ఆ జడనే. కథ తెలియని ఫొటోగ్రాఫర్ ఆమె ముఖం కోసం ఎదురుచూస్తూ జడను వదిలేస్తాడు. తెలిసినవాడు ఫోకస్‌ను ముందే తెర పైఅంచు మీద కట్టి, జడ విసురుకు 1/320 పెట్టుకుని కాచుకుంటాడు. ముఖాన్ని వెతికే ఆటోఫోకస్‌కు అక్కడ దొరికేదేమీ లేదు, జడకు కళ్లుండవు కదా.

ఈ చదువుకు డబ్బు అక్కర్లేదు. ఏ నృత్య పాఠశాలలోనైనా అనుమతి అడిగి గోడ పక్కన కూర్చుని నాలుగు శనివారాలు చూస్తే చాలు. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలని వేళ్ల మీద లెక్కపెట్టడం వచ్చేస్తుంది.

రంగప్రవేశం ఇంట్లో

ఐటీ కారిడార్‌లో రంగప్రవేశమంటే దాదాపు పెళ్లి. హాలు అద్దె, వాద్యబృందం, పట్టు ఆహార్యం, ఆభరణాలు, భోజనాలు, ఆహ్వాన పత్రిక. పదేళ్ల శిక్షణకు ఒక సాయంత్రం సాక్ష్యం. అమెరికాలో పుట్టిన పిల్లలు వేసవి సెలవుల్లో వచ్చి అమ్మమ్మల ముందు ఆడాలనుకోవడం కూడా ఉంది. అంత ఖర్చులో ఫొటోల మాట చివర్న వస్తుంది. పెళ్లిళ్లు తీసే బృందాన్నే పిలుస్తారు. వాళ్ల నైపుణ్యం ఫ్లాష్‌తో పనిచేయడంలో, జనాన్ని నిలబెట్టి తియ్యడంలో ఉంటుంది. నాట్యం మధ్యలో ఫ్లాష్ వెలిగితే గురువు కట్టిన దీపాల రంగులన్నీ ఆ ఫ్రేములో చెరిగిపోయి, వెనక నల్ల తెర మీద నీడ పడుతుంది. పళ్లెం మీద నిలబడి నెత్తిన చెంబు మోస్తున్న అమ్మాయి కంట్లో అది పడితే పాదం జారడానికి రెప్పపాటు చాలు.

తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఫ్లాష్ లేకుండా తీసిన నాట్యం ఫొటోలు చూపిస్తారా? రిహార్సల్‌కు వస్తారా? రిహార్సల్‌కు రానన్నవాళ్లను నేనైతే పిలవను. వేదికంతా తిరగనిచ్చేది, ముఖానికి ఆరడుగుల దగ్గర నిలబడనిచ్చేది ఆ రోజే. ప్రదర్శన రోజున ఫొటోగ్రాఫర్ మొదటి వరస ముందు తచ్చాడితే, టికెట్ లేకపోయినా రెండున్నర గంటలు మనసుపెట్టి కూర్చున్న బంధువులకు కనిపించేది అతని వీపు.

కెమెరాలో ఆపెయ్యాల్సినవి కూడా చెప్పాలి. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న ఎర్రదీపం నేరుగా నర్తకి ముఖం మీద పడుతుంది, దాన్ని ఆపండి. తీసిన ప్రతి ఫొటోనూ వెనక తెర మీద చూపించడం ఆపండి. చీకటి హాలులో ఆ వెలుగు వెనక పది వరసల దాకా గుచ్చుకుంటుంది. బీప్ సంగతి చెప్పనక్కర్లేదు.

సురభి ముందు మరో పరీక్ష

నాట్యం చేతికొచ్చాక సురభి నాటకానికి వెళ్లండి. మాయాబజార్, పాతాళభైరవి లాంటివి ఆడుతున్నప్పుడు వెలుతురు క్షణానికో తీరు. నారదుడు మేఘాల్లోంచి దిగుతాడు. రెండు బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలతాయి. పొగ లేస్తుంది, మంట లేస్తుంది, రంగులద్దిన తెర ఒకటి పైకి పోతే ఇంకొకటి కిందికి జారుతుంది. నాలుగైదు స్టాపుల తేడా రెండు సెకన్లలో వస్తుంది. మాన్యువల్‌లో గిరగిరా తిప్పే తీరిక ఉండదు. మంటకు ఒక సెట్టింగు, మామూలు సభ సీనుకు ఇంకోటి ముందే ఆలోచించి కెమెరా డయల్ మీదున్న గుర్తుల్లో దాచుకోవాలి. నిప్పు రాలే క్షణానికి మంట మీదే లెక్క కట్టండి, పాత్రల ముఖాలు ఆ వెలుగులోనే తేలతాయి. ఇక్కడ జూమ్ ఉండాలి, ఎఫ్ 2.8ది. రాజదర్బారంతా ఒక ఫ్రేములోకి రావాలి, మరుక్షణం ఘటోత్కచుడి మీసం ఒక్కటే కావాలి.

సురభి నాటకాన్ని దశాబ్దాల పాటు నడిపిన రేకందార్ నాగేశ్వరరావు, అందరికీ సురభి బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకున్నారు, 2022లో కన్నుమూశారు. ఆయన తరం చేత్తో చేసిన మాయలు ఇంకా చేత్తోనే నడుస్తున్నాయి. తాడు లాగే మనిషి ఒకరు, పొగ వేసే మనిషి ఒకరు. రాణి వేషం విప్పి పది నిమిషాల్లో పక్కన నిలబడి తెర దించే అమ్మాయి ఒకరు. కుటుంబాలకు కుటుంబాలు ఒకే వేదిక మీద, వేదిక వెనక ఉంటాయి. కెమెరాలన్నీ ముందునుంచే చూస్తాయి కాబట్టి ఈ పనితనం ఫొటోల్లోకి ఎక్కడం లేదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఈ ఊళ్లో ఇన్ని మంచి లెన్సులుండి, నూట నలభై ఏళ్లు దాటిన నాటక కుటుంబాల చేతులు నమోదు కాకపోతే ఎలా?

కొనే ముందు

పెద్ద లెన్సును మొదట అద్దెకు తెచ్చుకోండి. నగరంలో లెన్సులు అద్దెకిచ్చే దుకాణాలు చాలానే ఉన్నాయి. రెండు లక్షల లెన్సు ఒక రోజు అద్దె వేలల్లో ఉంటుంది. దాన్ని శిల్పారామంలో ఒక సాయంత్రం, పెద్ద హాలులో ఒక సాయంత్రం వాడి చూడండి. ఏ ఫొటోను ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశారో కంప్యూటర్‌లో చూసుకోండి. ఎక్కువ భాగం 85 దగ్గరో 135 దగ్గరో పోగుపడి ఉంటే మీకు జూమ్ అక్కర్లేదు, ఆ ఒక్క లెన్సు చాలు. సగానికి సగం 200 దగ్గరే ఉంటే కూర్చునే చోటు మార్చుకోవాలో, లెన్సు కొనాలో తేల్చుకోండి. చోటు మార్చుకోవడమే చవక. కోఠి, అబిడ్స్ వైపు పాత లెన్సు కొనేటప్పుడు టార్చి వెలుగు లోపలికి వేసి బూజు తీగలున్నాయేమో చూడాలి. మన వానాకాలపు తేమ లెన్సులకు పట్టే చెద అది. ఎఫ్ 1.8లోనే తీసి, ఫోకస్ అనుకున్నచోట పడుతోందో లేదో అక్కడే తేల్చుకోవాలి.

ఫొటోలు రెండు రోజుల్లో నర్తకికి, గురువుకు పంపండి. మృదంగం, వయొలిన్, నట్టువాంగం వాళ్లవి కూడా తలా రెండు తీసి పంపండి. వాళ్లు కూర్చునే మూలకు దీపం అంతంతమాత్రమే, వాళ్లు పెద్దగా కదలరు కాబట్టి 1/60తో కూడా ముఖాలు వస్తాయి. సురభి వాళ్ల దగ్గరైతే మేనేజరును ముందే అడిగి ఒక ప్రదర్శన మొత్తం సైడ్ వింగ్‌లో నిలబడండి. అక్కడ దూరం ఆరేడు అడుగులే కాబట్టి చిన్న 35 ఎఫ్ 1.8 లెన్సు సరిపోతుంది. తాళ్లకు అడ్డం రాకుండా ఎక్కడ నిలబడాలో వాళ్లే చూపిస్తారు.